ఉధ్నా మేడ మీద కప్ప గెంతులు

ఫిజియోథెరపీలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు ముందే ఒక సంగతి చెప్పేస్తాను. మీరు రాసిచ్చే వ్యాయామాలు ఎవరూ చేయరు. "రోజూ చేస్తున్నారా?" అని మీరు అడుగుతారు, "చేస్తున్న మేడం" అని వాళ్లంటారు, మీరు రిజిస్టర్‌లో టిక్కు పెడతారు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ మర్యాదస్తులు కాబట్టి ఎవరూ బయటపడరు. మొదటి పన్నెండేళ్లు నేను ఇలా టిక్కులు పెట్టే జీతం తీసుకున్నాను.

సూరత్‌లో, ఉధ్నాలో, ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానాలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి కిందటేడు రిటైరయ్యాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే సాంచాలు నడిపాడు. పవర్‌లూమ్ మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ చప్పుడు మధ్యనే. అందుకే కాస్త గట్టిగా మాట్లాడతాను, కోపం అనుకోకండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం సాంచాల మీద పనిచేసేవాళ్లే. పన్నెండు గంటలు నిలబడి, ఇటు నాలుగు మగ్గాలు అటు నాలుగు మగ్గాలు చూసుకుంటూ, తెగిన పోగు ముడేసుకుంటూ నడుస్తూనే ఉంటారు. నడుము, మెడ, భుజాలు, మోకాళ్లు, వరసగా ఒక్కొక్కటీ పాడవుతాయి. అలా నిలబడి వచ్చినవాడికి ఇంటికి వెళ్లి వ్యాయామం చేయమని చెప్పడం ఎంత సిగ్గుమాలిన పనో చాలా ఏళ్లు నాకు తట్టలేదు. ఎవరైనా ఎదురు మాట్లాడితే, వీడికి శ్రద్ధ లేదు అనుకునేదాన్ని. చదువుకున్నవాళ్లకు అది చాలా హాయైన ఆలోచన.

సత్తయ్య నడుము

సత్తయ్యకు నలభై ఏళ్లు. సిరిసిల్ల దగ్గరి ఊరు. నడుం నొప్పితో మూడు నెలలుగా వస్తున్నాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. వంగమంటే చేతులు తొడల సగం దాకా తెచ్చి, అక్కడ ఆగి, అమ్మా అని మూలిగేవాడు. నేనతనికి ఐదు బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చాను. ఆ బొమ్మల్లో నిక్కరు వేసుకున్న తెల్లవాడొకడు తివాచీ మీద పడుకుని హాయిగా కాళ్లెత్తుతుంటాడు. సత్తయ్య గదిలో ఆరుగురుంటారు. వంతులవారీగా పడుకుంటారు. కాళ్లెత్తితే పక్కవాడి మొహానికి తగులుతాయి. ఆ గది ఎలా ఉంటుందో మా నాన్న కూతురిగా నాకు తెలుసు. డిగ్రీ వచ్చాక మరిచిపోయాను.

ఒకరోజు, వాళ్లకు సెలవు ఉండే రజా రోజు, మంచం దిగలేని ఒక ముసలామెను చూడటానికి ఆ గల్లీకి వెళ్లాను. గల్లీ చివర నలుగురు మగవాళ్లు గోటీలాడుతున్నారు, అవే గోళీలు. ఒకడు గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, గురి చూస్తున్నాడు. కొట్టాడు. గోటీ దొర్లి మోరీ కాలువ పక్కకు పోయింది. వాడు లేచి, మోరీకి అటొక కాలు ఇటొక కాలు వేసి, నడుము పూర్తిగా వంచి, గోటీ తీసి, నిక్కరుకు తుడుచుకుని ఇటు తిరిగాడు. సత్తయ్య.

"ఏంది సత్తన్నా, నడుము మంచిగనే వంగుతంది?" అన్నాను.

అతని చెయ్యి ఠక్కున నడుం మీదికి పోయింది. మూలగబోయాడు కూడా. మళ్లీ లాభం లేదనుకున్నాడేమో, చెయ్యి తీసేశాడు.

"గిది గోటీ కోసం వంగుతంది మేడం. మీ కోసం వంగమంటె వంగది."

మిగిలిన ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంటికి వెళ్లేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను, మూడు నెలలు నా చేత నడుం పట్టించుకుని మోసం చేశాడని. అతను మోసం చేయలేదని అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది. నా బల్ల ముందు నిలబడినప్పుడు అతని ధ్యాసంతా నడుం మీదే ఉంటుంది, నేనే పెట్టిస్తాను. ఎక్కడ పట్టేస్తుందో అన్న భయంతో ఒళ్లంతా కర్రలా బిగుసుకుంటుంది. గల్లీలో అతని ధ్యాస గోటీ మీద ఉంది. నడుము తన పని తాను చేసుకుపోయింది. మూడు నెలల్లో నేను వంచలేనిదాన్ని ఒక గాజుగోళీ వంచింది. ఇది ఒప్పుకోవడానికి పొగరు కొంచెం తగ్గాలి.

మేడ మీద

దవాఖానా మూడో అంతస్తు పైన మేడ. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, విరిగిన మంచాలు, పాత పరుపులు. సాయంత్రం పూట, రాత్రి పాళీ వాళ్లు పనికి పోయే ముందు, ఆరుగురిని అక్కడికి పిలిచాను. సత్తయ్య వచ్చాడు. రాజేశం వచ్చాడు. రాజేశానికి యాభై ఐదు ఉంటాయి. మోకాళ్ల నొప్పులు, తెల్ల మీసం. ఉధ్నాలో మావాళ్ల పంచాయితీలు తీర్చే పెద్దమనిషి. నేను కాకా అని పిలిచేదాన్ని.

"ఎలుగుబంటి లెక్క నాలుగు కాళ్ల మీద నడువుండ్రి. మస్తుగ ఉంటది" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఆరుగురూ నన్ను చూశారు, తర్వాత రాజేశాన్ని చూశారు.

"పోరగాండ్ల ఆటలు గివి బిడ్డా. మా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు రాజేశం.

న్యాయమైన ప్రశ్న. ఆడండి అని హుకుం జారీ చేస్తే ఎవరాడతారు? అది కూడా కాగితం మీది తెల్లవాడి లాంటిదే, కాకపోతే నాలుగు కాళ్ల మీద ఉన్నాడు. నేను విరిగిన మంచం మీద కూర్చుని, "సరె, ఊళ్లె మీరేం ఆడేటోళ్లు?" అని అడిగాను.

ఒకాయన నేల–బండ అన్నాడు. దొంగ అయినవాడు 'నేల' కోరుకుంటే మిగతావాళ్లు బండల మీదే నిలబడాలి, నేల మీద కాలుపెట్టినవాణ్ణి దొంగ ముట్టుకోవచ్చు. అందరికీ తెలిసిన ఆటే. కానీ దొంగ బండ మీద చెయ్యి వేయొచ్చా లేదా అన్న దగ్గర సత్తయ్యకూ అతనికీ పేచీ వచ్చింది. వాళ్ల ఊళ్లో ఒక రకం, వీళ్ల ఊళ్లో ఒక రకం. మాటా మాటా పెరిగింది. "అరె, గిట్ల కాదు, చూపిస్త ఆగు" అని సత్తయ్య లేచాడు. ఇంకొకడు లేచాడు. పరుపులు, ఇటుకలు బండలయ్యాయి. పది నిమిషాల్లో మూలుగుతూ మెట్లెక్కినవాళ్లు మేడంతా పరిగెత్తుతున్నారు.

నేను ఒకే ఒక్క మాట కలిపాను: నేల మీద పోవాలంటే చేతులూ కాళ్లూ ఆనించే పోవాలి. ఒకడు ఎలుగుబంటిలా పోయాడు, ఒకడు వెల్లకిలా ఎండ్రకాయలా పోయాడు. రాజేశం స్టూలు మీద కూర్చుని తీర్పులు చెబుతున్నాడు. సత్తయ్య దొంగాట ఆడాడని తీర్పిచ్చాడు. సత్తయ్య ఒప్పుకోలేదు. ఎలా ఆడాడో చూపించడానికి రాజేశం స్టూలు దిగి, తెల్ల మీసంతో సహా, నాలుగు కాళ్ల మీదికి వచ్చాడు.

ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఇరవైసార్లు కూర్చుని లేవమంటే మూడోసారికే ఎవరికైనా ప్రాణం విసుగెత్తుతుంది. ఇద్దర్ని ఎదురెదురుగా గొంతుక్కూర్చోబెట్టి, అరచేతులతో తోసుకోమనండి, పడ్డవాడు ఓడినట్టు. లెక్కపెట్టేవాడే ఉండడు. చేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిలబెట్టమంటే నిమిషం కూడా నిలవనివాడు, అదే భంగిమలో ఎదుటివాడి చేతిమీద ఒక దెబ్బ వేయమంటే చెమటలు కారేదాకా దిగడు. ఒళ్లు అదే, కష్టం అదే. చూపు మాత్రం పక్కవాడి చేతి మీదుంటుంది.

ఆటకు పెద్ద పేరు

మా ట్రస్టు పెద్ద కాంతిభాయ్. రింగ్ రోడ్‌లో చీరల టోకు వ్యాపారం. మంచివాడు, భయస్తుడు. ఒక సాయంత్రం నీళ్ల ట్యాంకు చూడటానికి పైకి వచ్చాడు. ఆయన తలుపు తీసేసరికి పదకొండుమంది మీసాలున్న మగవాళ్లు ఆయన వైపు కప్పల్లా గెంతుకుంటూ వస్తున్నారు.

"యే దవాఖానా హై యా సర్కస్?" అన్నాడు.

నేను మేడ దిగి, ఆయన గదిలోకి వెళ్లి, తల వంచుకుని నిలబడి, "ఇది ఫంక్షనల్ ట్రైనింగ్ భాయ్" అన్నాను. ఆ మాట విన్నాక ఆయన మొహంలో కోపం పోయి గౌరవం వచ్చింది. ఇంకా ఎక్కడెక్కడ చేస్తున్నారు అని అడిగాడు. పెద్ద పెద్ద ఊళ్లన్నిటిలో అన్నాను. మరుసటి వారం కొత్త పరుపులు వచ్చాయి, నీలం రంగువి. కప్ప గెంతులని ఉంటే మమ్మల్ని మేడ మీంచి గెంటేసేవాడే. మన వృత్తిలో సగం బతుకుతెరువు పేర్లు పెట్టడంలోనే ఉందని ఆ రోజు తెలిసింది, తెలిసినందుకు సంతోషించాను కూడా. అక్కడే దెబ్బతిన్నాను.

నా తప్పు

ట్రస్టు వార్షికోత్సవం వచ్చింది. రింగ్ రోడ్ వ్యాపారులు వస్తారు, మన ఫంక్షనల్ ట్రైనింగ్ చూపించండి అన్నాడు కాంతిభాయ్. చూపిద్దాం అన్నది నేను. కప్ప గెంతుల పందెం పెడదాం అన్నది కూడా నేనే. గెలిచినవాడికి శాలువా కప్పించాలన్న గొప్ప ఆలోచనా నాదే. ఆ రోజుల్లో నన్ను నేను చాలా మెచ్చుకుంటూ ఉండేదాన్ని.

రాజేశం వద్దన్నాడు. "ఊకె ఆడుదుమంటె ఆడుత. మంది ముందట పందెమెందుకు బిడ్డా?"

"నువ్వు లేకుంటె ఎట్ల కాకా? పెద్దమనిషివి" అన్నాను. పెద్దమనిషి అన్న మాటకు ఆయన కాదనలేడని తెలిసే అన్నాను.

ఆ రోజు మేడ మీద కుర్చీలు వేశారు. నీలం పరుపులు వరసగా పరిచాం. మామూలు రోజుల్లో రాజేశం తనకు నచ్చినంత గెంతి, నచ్చిన చోట ఆగి, పక్కవాణ్ణి వెక్కిరించేవాడు. ఆ రోజు అందరికంటే వెనక పడ్డాడు. కుర్చీల్లోంచి ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. కానీ ఆయన చెవిన పడింది. తన శక్తికి మించి ఒక గెంతు గెంతాడు. కాలి కింద పరుపు జారింది. ముందుకు పడుతూ కుడిచెయ్యి ఆనించాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది.

మణికట్టు విరిగింది. కట్టు కట్టించి, ఆటోలో ఇంటి దగ్గర దింపి వచ్చి, రిజిస్టర్ తీశాను. అందులో 'రోగి అజాగ్రత్త వల్ల కాలు జారి పడ్డాడు' అని రాశాను. చెయ్యి వణకలేదు. తప్పు చేసినప్పుడు చెయ్యి వణుకుతుందని కథల్లో రాస్తారు, అదేమీ ఉండదు. అక్షరాలు చాలా గుండ్రంగా వచ్చాయి.

లచ్చవ్వ

నాలుగో రోజు రాజేశం భార్య లచ్చవ్వ వచ్చింది. ఇంట్లో చీరల దారపు కొసలు కత్తిరించే పని చేస్తుంది. వేళ్లకు ఇంకా పోగులు అంటుకునే ఉన్నాయి. నా బల్ల ముందు కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"కార్ఖానా సేఠ్ ఆయిన సాంచాలు వేరేటోనికి ఇచ్చిండు. చెయ్యి బాగయినంక రమ్మన్నడు. బాగయినంక ఇస్తడా? ఇయ్యడు. గది సరే. నువ్వు గా బుక్కుల ఏం రాసినవ్?"

నేను రిజిస్టర్ తీసి ఆమె వైపు తిప్పాను.

"నాకు సదువు రాదు. నువ్వే సదివి చెప్పు."

చదివాను. నాకు తెలిసిన అన్ని భాషల్లోనూ అంత కష్టమైన వాక్యం మరొకటి చదవలేదు.

"అజాగర్తనా? ఆయిన వద్దన్నడా లేదా?"

"వద్దన్నడు."

"నువ్వు దుంకుమన్నవా లేదా?"

"దుంకుమన్న."

"మరి గదే రాయి."

ఆమె నిలబడి ఉండగానే కొట్టేసి మళ్లీ రాశాను: పందెం పెట్టింది నేను, రోగి వద్దన్నాడు, నేను ఒత్తిడి చేశాను, పరుపులు జారతాయని చూసుకోలేదు. ఇదీ చదివించుకుంది. అప్పుడు కూర్చుంది. తిట్లు ఆ తర్వాత మొదలయ్యాయి. అవి రిజిస్టర్‌లో రాయలేదు, ఇక్కడా రాయను. సాంచాల మధ్య బతికినవాళ్లు ఎంత గట్టిగా తిట్టగలరో మాత్రం దవాఖానాకంతా తెలిసింది.

రిజిస్టర్‌లో ఆ పేజీ కాంతిభాయ్ చూశాడు. ఫంక్షనల్ ట్రైనింగ్ బంద్ అన్నాడు. బంద్ చేశాను. రెండు వారాల తర్వాత సత్తయ్యా మిగతావాళ్లూ వచ్చి నా గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. మందు అక్కర్లేదు, కట్టు అక్కర్లేదు. ఊరికే కూర్చున్నారు. మరుసటి రోజు కూడా వచ్చారు. మూడో రోజు నేను రిజిస్టర్‌లో 'ఆటలు' అని ఒక పేజీ మొదలుపెట్టి, కాంతిభాయ్ దగ్గరికి తీసుకెళ్లాను.

"యే క్యా హై?"

"ఖేల్ భాయ్. పెద్దోళ్లు ఆడుకుంటారు. పందేలు ఉండవు, కుర్చీలు ఉండవు, చూడటానికి ఎవరూ రాకూడదు. మీరు కూడా."

ఆయన చాలాసేపు ఆ పేజీ వైపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. ఆ మూడు షరతులూ ఆ తర్వాత ఎప్పుడూ మార్చలేదు. మీరూ మార్చకండి. చూసేవాళ్ల కోసం ఆడటం మొదలైందంటే ఒళ్లు చెప్పే మాట ఎవడూ వినడు. బహుమతి పెట్టారో, అందరికంటే బలహీనుడే ముందు విరుగుతాడు.

ఇంకొక మాట. లచ్చవ్వ చెప్పినట్టే అయింది. సేఠ్ ఆ సాంచాలు రాజేశానికి మళ్లీ ఇవ్వలేదు. కొన్ని నెలలు ఖాళీగా ఉండి, చివరికి కామ్‌రేజ్ వైపు ఒక కార్ఖానాలో బట్ట మడతలు చూసే పనికి కుదిరాడు. రోజూ బస్సులో వెళ్లొచ్చేవాడు. అది నా వల్ల జరిగింది. దానికి తీయని ముగింపు ఏమీ లేదు.

పడటం

కట్టు విప్పాక చేతి వ్యాయామాలకు రాజేశం నా దగ్గరికే వచ్చాడు. ఎందుకు వచ్చాడో అడగలేదు. ఎముక బాగా అతికింది. వేళ్లు కదిలాయి. మనిషే అతకలేదు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకునేవాడు. నేల తడిగా ఉంటే ఆగిపోయేవాడు. మేడ మీదికి వచ్చినా స్టూలు దిగేవాడు కాదు. తీర్పులు కూడా చెప్పేవాడు కాదు. పడతానన్న భయం పట్టుకుంది. ఆ భయంతో నడిచేవాళ్లే ఎక్కువగా పడతారు.

డాక్టరు సరేనన్నాక ఒకరోజు మేడ మీద చెప్పాను. "కాకా, పడుడు నేర్పుత."

ఆయన నా వైపు చూశాడు. "పడుడు నాకొచ్చు. నువ్వే నేర్పినవ్ గద."

లచ్చవ్వ కూడా వచ్చింది. ఆ ప్రమాదం తర్వాత మొగుణ్ణి ఒంటరిగా నా దగ్గరికి పంపేది కాదు. మెట్ల తలుపు దగ్గర కొంగు బిగించి నిలబడేది, పోలీసులాగా.

"నువ్వు పడు ముందుగాల. చూస్తం" అంది.

అప్పటికి నాకు నలభై దాటాయి, ఒళ్లు కూడా బాగానే చేశాను. మూడు పరుపులు ఒకదాని మీద ఒకటి వేసి, జారకుండా గోడకు ఆనించి, వాటి మీద గొంతుక్కూర్చున్నాను. "చెయ్యి ఆనియ్యొద్దు. రెండు చేతులు రొమ్ము మీద పెట్టుకోవాలె. గదువ లోపటికి గుంజాలె. ఈపు గుండ్రంగ చేసి ఎనుకకు దొర్లాలె" అని చెబుతూ, గడ్డం రొమ్ముకు ఆనించి చూపిస్తూ, వెనక్కి పడ్డాను. చెప్పినంత అందంగా రాలేదు. కాళ్లు గాలిలోకి లేచి, చెప్పు ఒకటి ఎగిరి ట్యాంకుకు తగిలింది.

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ లాంటి మనిషి పడితే నవ్వొచ్చో లేదో వాళ్లకు తెలియలేదు. మొదట నవ్వింది లచ్చవ్వ. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంకోపారి పడు, సరిగ చూడలే" అంది.

పడ్డాను. సత్తయ్య తప్పులు చెప్పాడు. మళ్లీ పడ్డాను. ఎన్నిసార్లు పడ్డానో తెలియదు. ఇంక లేవలేను అనుకుంటుండగా రాజేశం స్టూలు మీంచి లేచాడు. పరుపు మీదికి వచ్చి, గొంతుక్కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో రొమ్ముకు అదిమి పట్టుకుని, చాలాసేపు అలాగే ఉన్నాడు. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. కళ్లు మూసుకుని వెనక్కి పడ్డాడు.

పడి, కదలకుండా, వెల్లకిలా ఉండిపోయాడు. లచ్చవ్వ రెండంగల్లో వచ్చింది. వంగి చూస్తే ఆయన పొట్ట ఎగిరెగిరి పడుతోంది. మీసం కింద నుంచి నవ్వు బయటికి రావడానికి కాస్త సమయం పట్టిందంతే.

"ఏం కాలే" అన్నాడు ఆకాశం వైపు చూస్తూ. "ఏం కాలేదే లచ్చీ."

లచ్చవ్వ ఆయన్ను కాసేపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి పక్కన పెట్టింది. కొంగు నడుముకు చెక్కుకుంది. "జర జరుగు" అని మొగుణ్ణి అవతలికి తోసి, పరుపు మధ్యలో గొంతుక్కూర్చుని, నా వైపు తిరిగింది.

"గదువ లోపటికా, బయటికా?" అని అడిగింది.